వేలికి 98 ఉంది, మరి కాలి సంగతేమిటి?

ఆరోగ్య పాఠం: వెలుతురుతో రక్తంలోని ఆక్సిజన్‌ను కొలవడం



మన ఆసుపత్రిలో ఓ.పి. చీటీ తీసుకున్న వెంటనే నర్సు మీ వేలికి బట్టల క్లిప్పులాంటి చిన్న పరికరం తగిలిస్తుంది. దాని పేరు పల్స్ ఆక్సీమీటర్. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వచ్చినప్పటి నుండి ఇది చాలా ఇళ్ళలోకి కూడా చేరింది. బి.పి. మిషను, షుగరు మిషను పక్కన ఇప్పుడు ఇదీ ఉంటోంది. సంతోషమే. కాని ఆ అంకె ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో తెలియక కొందరు అనవసరంగా భయపడుతున్నారు. ఇంకొందరు భయపడవలసిన చోట ధైర్యంగా ఇంట్లోనే ఉండిపోతున్నారు. ఈ రెండవవారి గురించే మాకు ఎక్కువ దిగులు.

"సిస్టర్, వేలికి పెడితే 98 చూపించింది. ఆక్సిజన్ అంత బాగుంటే నాన్నగారి కాలి వేలు ఎందుకు నల్లబడుతోంది?" అని వార్డులో అడుగుతుంటారు. ఈ ప్రశ్న అడగవలసినదే. దానికి జవాబు తెలిస్తే ఈ పరికరం గురించి తెలుసుకోవలసినదంతా తెలిసినట్టే.

కణజాలానికి ఆక్సిజన్ ఎలా చేరుతుంది?

మన శరీరంలో చర్మం, కండ, నరం, మెదడు ఇవన్నీ కణజాలాలే. ప్రతి కణానికీ నిత్యం ఆక్సిజన్ కావాలి. ఊపిరితిత్తులలో దొరికిన ఆక్సిజన్‌ను అక్కడిదాకా మోసుకుపోయేది ఎర్ర రక్తకణాలలో ఉండే హిమోగ్లోబిన్. ఒక్కొక్క హిమోగ్లోబిన్ నాలుగు ఆక్సిజన్ అణువులను మోయగలదు. అంటే నాలుగు సీట్ల షేర్ ఆటో అనుకోండి. ఊపిరితిత్తులు ఆటో స్టాండు. గుండె ఆ ఆటోలను నడిపించేది. రక్తనాళాలు రోడ్లు. కణజాలం ఊరు.

ఊరికి సరిపడా జనం చేరాలంటే మూడు కుదరాలి.

1. ఆటోలలో సీట్లు నిండాలి. 
2. ఆటోలు తగినన్ని ఉండాలి. 
3. ఊరిదాకా రోడ్డు బాగుండాలి.

వంద ఆటోలలో నాలుగు వందల సీట్లు ఉంటే, 392 సీట్లు నిండినప్పుడు ఆక్సీమీటర్ 98 అని చూపిస్తుంది. అంటే వేలి దగ్గరి మిషను చెప్పేది మొదటి సంగతి ఒక్కటే. ఆటోలు ఎన్ని ఉన్నాయో అది చెప్పదు. కాలి వేలి దాకా రోడ్డు ఉందో లేదో అది చెప్పదు. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

వెలుతురు రక్తాన్ని ఎలా చదువుతుంది?

చీకటి గదిలో టార్చిలైటు అరచేతికి ఆనించి వెలిగిస్తే వేళ్ళు ఎర్రగా మెరుస్తాయి. పిల్లలందరూ ఆడుకునే ఆట ఇది. వెలుతురు మన శరీరంలోనికి కొంతవరకు దూరిపోగలదని దీనివల్ల తెలుస్తుంది. ఈ మిషను చేసేదీ ఇదే.

క్లిప్పు ఒక వైపున రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి ఎర్ర కాంతి, సుమారు 660 నానోమీటర్లది. రెండవది కంటికి కనబడని పరారుణ కాంతి, సుమారు 940 నానోమీటర్లది. టి.వి. రిమోట్‌లో నుండి వచ్చేది కూడా ఇటువంటి కాంతే. క్లిప్పు రెండవ వైపున ఈ కాంతిని అందుకునే కన్ను ఉంటుంది. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్ర కాంతిని ఎక్కువగా పోనిస్తుంది, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని రక్తం సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఏ కాంతి ఎంత దాటి వచ్చిందో లెక్కగట్టి ఎన్ని సీట్లు నిండాయో మిషను చెబుతుంది.

మరి వేలిలో చర్మం, ఎముక, సిరలలోని చెడు రక్తం కూడా ఉంటాయి కదా? వాటిని పక్కనబెట్టి ధమనిలోని మంచి రక్తాన్నే ఎలా చూస్తుంది? దీనికి ఉపాయం కనిపెట్టినవారు జపాన్ దేశపు ఇంజనీరు టకువో అయోయాగి. అంతకు ముందు 1940లలో అమెరికాలో గ్లెన్ మిల్లికన్ విమాన చోదకుల కోసం చెవికి తగిలించే మీటరు తయారుచేశారు. ఆక్సీమీటర్ అనే పేరు పెట్టింది ఆయనే. కాని ధమని రక్తాన్ని విడదీసి చూడడం అప్పట్లో కష్టమయ్యేది. అయోయాగి 1970ల మొదట్లో వేరే పరీక్ష మీద పనిచేస్తుండగా, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాంతి కొంచెం హెచ్చుతగ్గులవుతూ ఆయన లెక్కను పాడుచేసేది. ఆ హెచ్చుతగ్గులు ధమని రక్తం వల్లనే వస్తాయి, చర్మం, ఎముక అలా కొట్టుకోవు. అడ్డంకి అనుకున్న దానినే ఆయన ఆధారం చేసుకున్నారు. 1974లో ఈ పద్ధతిని ప్రకటించారు. 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఆ పరికరం కోసం వెతుక్కుంటున్న రోజులలో, ఆయన తన 84వ యేట కన్నుమూశారు.

దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఏమంటే, నాడి అందకపోతే ఈ మిషను పనిచేయదు. చేతులు చల్లబడినా, బి.పి. బాగా పడిపోయినా, వేలు వణుకుతున్నా అంకె తప్పు రావచ్చు.

ఇంట్లో సరిగా చూసే పద్ధతి

• కూర్చుని 5 నిమిషాలు విశ్రాంతి తీసుకోండి. మెట్లెక్కి వచ్చి వెంటనే చూడవద్దు.
• చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చబరచుకోండి.
• నెయిల్ పాలిష్ తుడిచేయండి. గోటి మీద గోరింటాకు బాగా ముదురుగా ఉంటే వేరే వేలికి పెట్టండి.
• చూపుడు వేలు గాని మధ్య వేలు గాని లోపలికంటా పెట్టి, చేతిని గుండె ఎత్తున కదలకుండా ఉంచండి. ఎండ నేరుగా పడకూడదు.
• బి.పి. పట్టీ కట్టిన చేతికి అదే సమయంలో దీన్ని పెట్టవద్దు.
• మొదట కనబడిన అంకెను నమ్మవద్దు. అర నిమిషం నుండి ఒక నిమిషం ఆగి, నిలకడైన అంకెను వ్రాసుకోండి. తేదీ, సమయం కూడా వ్రాయండి.
• తెర మీద రెండు అంకెలు ఉంటాయి. ఎస్.పి.ఓ.2 అని ఉన్నది ఆక్సిజన్. రెండవది నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పేది. నాడి 88 అని ఉంటే ఆక్సిజన్ 88కి పడిపోయిందని హడలిపోయి ఫోను చేసేవారు ఉన్నారు. ఏది ఏదో ముందే తెలుసుకోండి.
• మణికట్టు దగ్గర నాడి మీరే ఒక నిమిషం లెక్కపెట్టి చూడండి. మీ లెక్కకు, మిషను లెక్కకు చాలా తేడా ఉంటే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మలేము.

అంకెల అర్థం

ఆరోగ్యవంతులకు 95 నుండి 100 వరకు ఉండడం సాధారణం. 97 నుండి 96కు దిగినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. ఈ మిషను చూపే అంకెకూ, ధమని నుండి రక్తం తీసి చేసే పరీక్షకూ రెండు మూడు తేడా రావచ్చు.

93, 94 ఉంటే పైన చెప్పినట్టు మళ్ళీ సరిగా చూడండి. మళ్ళీ అంతే వస్తే ఆ రోజే డాక్టరుగారికి తెలియజేయండి. 92 గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బు (సి.ఓ.పి.డి.) ఉన్నవారి లెక్క వేరు. వారిలో కొందరికి 88 నుండి 92 వరకు చాలని డాక్టరుగారు నిర్ణయిస్తారు. వారికి 98 రావాలని ఇంట్లోవాళ్ళు సిలిండరు మీట ఎక్కువ తిప్పితే మేలుకన్నా కీడే ఎక్కువ. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మత్తు కమ్ముతుంది. ఈ మిషను బొగ్గుపులుసు వాయువును కొలవదు. కాబట్టి 98 చూపిస్తూనే రోగి మత్తులోకి జారిపోవచ్చు.

అంకె బాగున్నా ప్రమాదం ఉండే సందర్భాలు

రక్తహీనత. ఆటోలు ఎన్ని ఉన్నాయో మిషను చెప్పదని అనుకున్నాం కదా. హిమోగ్లోబిన్ 15 గ్రాములు ఉన్న మనిషికి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. హిమోగ్లోబిన్ 5 గ్రాములే ఉన్న గర్భిణి రక్తంలో 7 మిల్లీలీటర్లు కూడా ఉండదు. ఇద్దరికీ మిషను 98 అనే చూపిస్తుంది! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసం, నీరసం, గుండెదడ ఉంటే వేలి క్లిప్పుతో సరిపెట్టుకోక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

పొగ. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా, జనరేటరు నడిపినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. అది ఆక్సిజన్ సీటులో కూర్చుంటుంది, దిగమన్నా త్వరగా దిగదు. మిషనుకు ఎవరు కూర్చున్నారో తెలియదు, సీటు నిండిందని మాత్రమే చూస్తుంది. మనిషి స్పృహ తప్పుతున్నా 98, 99 చూపించగలదు. అటువంటివారిని వెంటనే గాలిలోకి తెచ్చి ఆసుపత్రికి చేర్చాలి.

చర్మం రంగు. ముదురు చర్మంలోని రంగు పదార్థం కూడా కొంత కాంతిని పీల్చుకుంటుంది. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, మిషను 92 నుండి 96 వరకు చూపినా రక్తపరీక్షలో నిజానికి 88 కన్నా తక్కువ ఉన్నవారు నల్లజాతి రోగులలో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం అని తేలింది. మనలో చామనఛాయ, నలుపు ఉన్నవారే ఎక్కువ కాబట్టి ఇది మనకూ హెచ్చరికే. ఒక్క అంకెను గాక, నిన్నటికీ ఇవాళ్టికీ తేడాను చూడండి. నిన్న 98 ఉన్నవారికి ఇవాళ 94 ఉంటే అది మార్పే.

ఎగశ్వాస. మనిషి రొప్పుతూ ఉంటే, ఆ రొప్పు బలంతోనే కొంతసేపు అంకె నిలబడుతుంది. మాట పూర్తిచేయలేనంత ఆయాసం ఉంటే అంకె ఎంతైనా సరే, ఆసుపత్రికి బయలుదేరాలి.

కాలి సంగతి

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. షుగరు జబ్బు, బీడీ, సిగరెట్, చుట్ట, బి.పి., కొవ్వు వీటివలన కాలికి పోయే ధమనులు లోపల పూడుకుపోతాయి. స్టాండులో ఆటోలు నిండుగానే బయలుదేరతాయి. చేతివైపు రోడ్డు బాగుంది కాబట్టి వేలికి 98 వస్తుంది. కాలివైపు రోడ్డు తెగిపోయింది. ఊరిలో జనం ఆకలితో చనిపోతారు. గ్యాంగ్రీన్ అంటే ఇదే.

"అయితే క్లిప్పును కాలి వేలికే పెట్టి చూస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. మంచి ఆలోచనే. 2005లో అమెరికాలో షుగరు ఉండి కాలి బాధలేమీ లేనివారిలో ఇలాగే చూశారు. చేతి వేలికన్నా కాలి వేలిలో 2 కన్నా ఎక్కువ తగ్గినా, కాలిని 12 అంగుళాలు ఎత్తినప్పుడు 2 కన్నా ఎక్కువ తగ్గినా రక్తప్రసరణ మీద అనుమానించారు. ఈ పద్ధతి జబ్బు ఉన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందిని పట్టుకుంది. అంటే నలుగురిలో ఒకరు తప్పిపోయారు. కారణం మీకిప్పుడు తెలుసు. రోడ్డు సన్నబడినా, ఎలాగో దూరి వచ్చిన నాలుగు ఆటోలు నిండుగానే ఉంటాయి. అందువలన కాలి వేలికి అంకె తగ్గితే అది హెచ్చరిక, కాని అంకె బాగుంటే కాలు క్షేమమని అర్థం కాదు.

కాబట్టి కాలికి సరైన పరీక్షలు వేరే ఉన్నాయి. పాదం మీద నాడి చేతితో చూస్తాము. డాప్లర్ అనే పరికరంతో చీలమండ దగ్గర బి.పి. చూసి చేతి బి.పి.తో పోలుస్తాము. చీలమండ బి.పి.ని చేతి బి.పి.తో భాగిస్తే 0.9 లేక అంతకన్నా తక్కువ వచ్చినప్పుడు ధమనులు పూడుకున్నట్టు. షుగరు చాలాకాలంగా ఉన్నవారి ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ రావచ్చు కనుక, అవసరమైతే బొటనవేలి దగ్గర బి.పి. చూస్తారు. వీటికి సూది పోటు కూడా లేదు.

ఇంట్లో మీరు చూడవలసిన గుర్తులు ఇవి:

• కొంతదూరం నడిస్తే పిక్క పట్టేయడం, ఆగితే తగ్గడం.
• రాత్రి పడుకుంటే పాదం నొప్పి, మంచం మీద నుండి కాలు వేలాడేస్తే ఉపశమనం.
• ఒక పాదం రెండవదానికన్నా చల్లగా ఉండడం.
• పాదం మీద చర్మం పలచబడి నిగనిగలాడడం, వెంట్రుకలు రాలిపోవడం.
• రెండు వారాలైనా మానని పుండు.
• గోటి మీద నొక్కి వదిలితే మూడు సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాకపోవడం.

షుగరు ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. నొప్పి లేకపోవడం వారి విషయంలో మంచి గుర్తు కాదు. రోజూ రాత్రి పాదాలు అడుగున కూడా చూసుకోండి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి, లేదా కోడలినో మనవడినో చూడమనండి. చెప్పులు లేకుండా నడవవద్దు. చల్లగా ఉందని వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టవద్దు, కాలినా తెలియదు. ఆనెలను బ్లేడుతో కోయవద్దు. పుండు మీద ఆకు పసర్లు, సున్నం వేయవద్దు. పొగ మానండి. కణజాలం బ్రతికి ఉండడానికి కావలసిన ఆక్సిజన్‌కన్నా పుండు మానడానికి ఎక్కువ కావాలి. రోడ్డు బాగుచేయకుండా రోజూ కట్టు మార్చినంత మాత్రాన పుండు మానదు.

నాటు కట్టు గురించి కూడా ఒక మాట. ఎముక విరిగితే వెదురుబద్దలు పెట్టి బిగించి కడుతుంటారు. కట్టు బిగుసుకుని రక్తం ఆగిపోతే కొన్ని గంటలలోనే కండ చచ్చిపోతుంది. కట్టు కింద వేళ్ళు ఉబ్బినా, తిమ్మిరెక్కినా, నీలమైనా, వేళ్ళు కదిపితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా వెంటనే రండి. ఆక్సీమీటర్‌లో అంకె బాగుంది కదా అని ఆగవద్దు. మేము వేసిన పిండికట్టు విషయంలోనూ ఇదే మాట.

లోపలి కణజాలాన్ని చూసే వెలుతురు

ఊరిలో పరిస్థితిని నేరుగా చూసే పరికరాలు కూడా ఉన్నాయి. 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్, పరారుణానికి దగ్గరి కాంతి చర్మాన్ని, ఎముకను కూడా దాటి లోపలి కణజాలంలోని ఆక్సిజన్‌ను చూపగలదని నిరూపించారు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో గుండె ఆపరేషను జరుగుతుండగా నుదుటికి పట్టీ అంటించి మెదడుకు ఆక్సిజన్ అందుతున్నదో లేదో చూస్తున్నారు. పాదాల పుండ్ల మీద, ఒకచోట నుండి తీసి మరొకచోట అతికించిన చర్మం మీద కూడా ఈ పద్ధతిని వాడుతున్నారు.

ఇక్కడ అంకె 70 చుట్టుపక్కల ఉంటుంది. చూసి భయపడవద్దు. వేలి క్లిప్పు ఊరికి వెళ్ళే ఆటోలను లెక్కిస్తుంది. ఈ పరికరం ఊరిలో ఉన్న ఆటోలన్నిటినీ లెక్కిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం జనాన్ని దింపి తిరిగి వెళ్ళేవే. అందుకే మెదడుకు 60 నుండి 80 మధ్య ఉండడం మామూలు. మొదట ఉన్నదానికన్నా అది బాగా పడిపోతే, వచ్చిన కొద్దిపాటి రక్తం నుండే కణజాలం ఎక్కువెక్కువ గుంజుకుంటోందని అర్థం. అప్పుడు డాక్టర్లు జాగ్రత్తపడతారు.

పసిబిడ్డలకు

పుట్టగానే బిడ్డ రక్తంలో ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది. మొదటి నిమిషంలో 60 నుండి 65, పదవ నిమిషానికి 85 నుండి 95. ఇది సహజం. 24 గంటలు గడిచాక కుడి చేతికి, ఒక కాలికి క్లిప్పు పెట్టి చూస్తారు. రెండు చోట్లా 95 లేక ఎక్కువ ఉండాలి, తేడా 3కి మించకూడదు. అలా లేకపోతే మళ్ళీ చూస్తారు. 90 కన్నా తక్కువ ఉంటే వెంటనే గుండె పరీక్ష అవసరం. పుట్టుకతో వచ్చే కొన్ని గుండె జబ్బులు బయటకు కనబడకముందే ఈ చిన్న పరీక్షతో దొరుకుతాయి. "చంటిబిడ్డకు మిషను ఎందుకమ్మా" అని పెద్దవాళ్ళు అడ్డుపెట్టవద్దు. వెలుతురే గాని సూది కాదు.

దగ్గు, జ్వరం ఉన్న పిల్లలకు ఊపిరిని లెక్కపెట్టండి. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుండి అయిదేళ్ళలోపు 40, అంతకు చేరినా దాటినా న్యుమోనియా అనుమానించాలి. పెద్దల క్లిప్పు చంటిబిడ్డ వేలికి సరిపోదు, దాని అంకెను నమ్మవద్దు.

ఆలస్యం చేయకూడనివి

1. ఆక్సిజన్ 92 లేక అంతకన్నా తక్కువ. 
2. అంకె ఎంతైనా, పెదవులు నీలమవడం, మాట్లాడలేని ఆయాసం, మగత, ఛాతీ నొప్పి. 
3. ఉన్నట్టుండి ఒక కాలు లేదా చేయి చల్లబడి, పాలిపోయి, తీవ్రమైన నొప్పి, తిమ్మిరి రావడం. దీనికి సుమారు ఆరు గంటలే గడువు. తెల్లవారనిద్దాం అనుకుంటే కాలు పోతుంది. 
4. షుగరు ఉన్నవారి పాదం మీద నలుపు, చీము, దుర్వాసన.

పాఠం గుర్తుందో లేదో చూసుకోండి

ఇంట్లో అందరూ కూర్చుని ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడగండి.

1. పక్కింటి అక్కకు నీరసం, గుండెదడ. ఆక్సీమీటర్‌లో 99. ఏ పరీక్ష చేయించాలి? 
జవాబు: హిమోగ్లోబిన్.

2. తాతగారికి షుగరు. కాలి వేలి పుండు నెల నుండి మానలేదు, నొప్పి లేదు, వేలికి 98. ఆగవచ్చా? 
జవాబు: ఆగకూడదు. చేతి వేలి అంకె కాలి రక్తప్రసరణను చెప్పదు. పాదం నాడి, డాప్లర్ చూపించాలి.

3. తెర మీద 97, 84 అని రెండు అంకెలు ఉన్నాయి. 84 అంటే ఏమిటి? 
జవాబు: ఎస్.పి.ఓ.2 గుర్తు దేని దగ్గర ఉందో చూడండి. అది 97 దగ్గర ఉంటే 84 నాడి.

4. సి.ఓ.పి.డి. ఉన్న మామగారికి 90 ఉంది. ఆక్సిజన్ పెంచవచ్చా? 
జవాబు: డాక్టరుగారు ఆయనకు నిర్ణయించిన అంకె ఎంతో చూడాలి. మనంతట మనం మీట తిప్పకూడదు.

ఈ నెల ఓ.పి.కి వచ్చినప్పుడు షుగరు ఉన్నవారు చెప్పులు, సాక్స్ విప్పి పాదాలు చూపించండి. మేము అడగకపోయినా మీరే అడిగి చూపించుకోండి. ఇంట్లో ఆక్సీమీటర్ ఉంటే వెంట తీసుకురండి. మా మిషను పక్కన పెట్టి సరిగా ఉందో లేదో చూసి చెబుతాము.